పాత పికప్ ట్రక్కులో బ్యాటరీ ఊరికే దిగిపోతోందా: కరెంటు ఎటు పోతోందో లెక్కతో పట్టుకోవడం

క్లుప్తంగా

పాత పికప్ పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే చాలామంది ముందు బ్యాటరీ మార్చేస్తారు. ఒక్కోసారి దాంతో సరిపోతుంది, కానీ చాలాసార్లు అసలు సమస్య ఇంకో రెండు వారాలు వెనక్కి జరుగుతుందంతే. బ్యాటరీ పాడవడం, ఛార్జింగ్ సరిగ్గా ఎక్కకపోవడం, బండి ఆపేశాక కూడా ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉండడం, ఇవి మూడు వేర్వేరు సమస్యలు, బయటికి మాత్రం మూడూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రెండూ కాదని తేలాక, బ్యాటరీ ఎన్ని గంటల్లో దిగిపోతోందో చూస్తే ఎంత కరెంటు పోతోందో లెక్క వచ్చేస్తుంది, ఆ అంకె తెలిస్తే వెతకాల్సిన చోట్లు బాగా తగ్గిపోతాయి. ఫ్యూజులు పీకడం ఆ తర్వాత పని.

ఒకటే లక్షణం, మూడు జబ్బులు

తాళం తిప్పగానే టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోవడం, లేదా టకటకా కొట్టుకోవడం, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారిపోవడం. ఇది చూడగానే "ఏదో కరెంటు తాగేస్తోంది" అని అనుకోవడం సహజం, కానీ బ్యాటరీ లోపల ఒక సెల్ చచ్చిపోయినా ఇదే జరుగుతుంది, ఆల్టర్నేటర్ సరిగ్గా ఛార్జ్ చేయకపోయినా ఇదే, ఆఖరికి టెర్మినల్ మీద తెల్లగా పొడి పేరుకుని కాంటాక్ట్ సరిగ్గా లేకపోయినా ఇదే. అందుకే ముందు బ్యాటరీ, ఛార్జింగ్, ఆపేశాక కరెంటు పోవడం, ఈ మూడింటినీ విడదీయాలి.

బాగున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫుల్ ఛార్జ్ అయ్యి కొన్ని గంటలు ఊరికే ఉన్నాక 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.4 దగ్గర ఉంటే ముప్పావు వంతు, 12.2 దగ్గర సగం, 12.0 దగ్గర పావు వంతే మిగిలిందని లెక్క. అంటే ఫుల్‌కీ సగానికీ మధ్య తేడా అర వోల్టు కూడా లేదు, కాబట్టి "పన్నెండు వోల్టులు ఉంది కదా, బ్యాటరీ బాగానే ఉంది" అనే మాటకి అర్థం లేదు, సరిగ్గా పన్నెండు అంటే దాదాపు ఖాళీ అన్నట్టే. ఇంకో విషయం, ఇప్పుడే ఛార్జర్ తీసిన బ్యాటరీ మీద కొలిస్తే పైపైన ఉండే ఛార్జ్ వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది, హెడ్‌లైట్లు ఒక రెండు మూడు నిమిషాలు వేసి ఆపి, కాసేపు ఆగి కొలవాలి.

మూడు జబ్బుల్లో బ్యాటరీని పక్కన పెట్టడానికి అన్నిటికంటే సులువైన పరీక్ష ఒకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి, వోల్టేజ్ రాసుకుని, నెగటివ్ కేబుల్ ఊడదీసి రాత్రంతా వదిలేయడమే. పొద్దున కొలిస్తే అంకె దాదాపు అలాగే ఉందంటే బ్యాటరీ తనంతట తాను కారడం లేదు, తప్పు బండి వైపు ఉంది. బండికి సంబంధం లేకుండా ఒంటరిగా ఉన్న బ్యాటరీయే 12.6 నుంచి 12.2కి పడిపోయిందంటే ఇక వైరింగ్ వెతకడం దండగ, లోపల సెల్ పోయింది. పైన మూతలున్న పాతరకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూడొచ్చు, ఫుల్ ఛార్జ్‌లో యాసిడ్ సాంద్రత 1.265 దగ్గర ఉండాలి, ఆరు సెల్స్‌లో ఏదైనా ఒకటి మిగతావాటికంటే 0.050 కన్నా ఎక్కువ తేడాతో కింద ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవడమే.

ఛార్జింగ్ సంగతి ఇంకా తొందరగా తేలుతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా 13.5 కంటే పెద్దగా కిందకి పోకూడదు. 12.5 దగ్గరే ఆగిపోతే బండి ఆగి ఉన్నప్పుడు ఏమీ పోకపోయినా, నడిచేటప్పుడు బ్యాటరీ నిండడం లేదని అర్థం. రోజూ నాలుగైదు నిమిషాలు మాత్రమే నడిపే బండిలో కూడా ఇంతే, సెల్ఫ్ కొట్టినప్పుడు పోయింది తిరిగి నిండక ముందే ఇంజన్ ఆపేస్తుంటారు, కొన్ని వారాలకి అది డ్రెయిన్ (ఆపి ఉన్న బండిలో కరెంటు కారిపోవడం) లాగానే కనిపిస్తుంది.

ఎంత పోతే మామూలు, ఎంత పోతే జబ్బు

బండి ఆపి తాళం తీసేశాక కూడా కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది, దాన్ని సున్నా చేయడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. అయితే ఆ మామూలు అంకె బండి వయసుని బట్టి మారుతుంది. కార్బ్యురేటర్, పాయింట్ ఇగ్నిషన్ ఉన్న బాగా పాత ట్రక్కుల్లో తాళం తీశాక కరెంటు కావాల్సింది మహా అయితే గడియారానికే, అది కూడా లేకపోతే మీటర్ మీద దాదాపు సున్నా రావాలి. 1980ల నుంచి ఇంజన్ కంప్యూటర్లు వచ్చాయి, వాటి మెమరీ నిలబడడానికి, రేడియో స్టేషన్లు గుర్తుండడానికి కొన్ని మిల్లీఆంప్స్ (ఆంప్‌లో వెయ్యో వంతులు) కావాలి, ఇలాంటి బండ్లలో 10 నుంచి 30 మిల్లీఆంప్స్ మామూలు. తలుపులకి, లైట్లకి, ఎయిర్‌బ్యాగ్‌కి విడివిడిగా మాడ్యూల్స్, అంటే చిన్న కంప్యూటర్ పెట్టెలు, ఉన్న తర్వాతి తరం బండ్లలో 50 మిల్లీఆంప్స్ దాకా ఒప్పుకోవచ్చని మెకానిక్కులు లెక్కేసుకుంటారు.

అంటే ఒకే 45 మిల్లీఆంప్స్ ఒక బండిలో ఆరోగ్యం, ఇంకో బండిలో జబ్బు. కంప్యూటరే లేని ట్రక్కులో 45 కనిపిస్తే ఎక్కడో తేమ చేరిందో, తర్వాత తగిలించిన వస్తువేదో లాగుతోందో చూసుకోవాలి.

గంటల లెక్కే మొదటి ఆధారం

ఉదాహరణకి 60 ఆంప్-అవర్ బ్యాటరీ, అంటే ఒక ఆంప్ చొప్పున 60 గంటలు ఇవ్వగలిగేది, తీసుకుందాం. అది సగానికి దిగేసరికి చాలా ఇంజన్లని సెల్ఫ్ బద్ధకంగా తిప్పుతుంది, కొంచెం చలి ఉంటే అసలే తిప్పదు. కాబట్టి వాడుకోవడానికి మిగిలేది 30 ఆంప్-అవర్లే అనుకోవాలి. ఆ 30ని ఎన్ని గంటల్లో బండి మొరాయించిందో ఆ గంటలతో భాగిస్తే ఎన్ని ఆంప్స్ పోతున్నాయో వచ్చేస్తుంది.

50 మిల్లీఆంప్స్ పోతుంటే రోజుకి 1.2 ఆంప్-అవర్లు, అంటే సుమారు 25 రోజులు పడుతుంది. ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) కాయిల్ ఆన్‌లో ఉండిపోతే 150 మిల్లీఆంప్స్ అటూ ఇటూ, ఎనిమిది రోజులు. గ్లవ్ బాక్స్‌లోనో బానెట్ కిందో ఉండే 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉండిపోతే 0.4 ఆంప్స్, మూడు రోజులు. బ్రేక్ లైట్లు రెండూ ఆరకుండా ఉంటే, ఒక్కోటి 21 వాట్లు, మొత్తం మూడున్నర ఆంప్స్ దాకా, తొమ్మిది గంటలు కూడా పట్టదు.

ఇప్పుడు ఈ లెక్కని తిరగేసి చదవాలి. రాత్రి పెట్టిన బండి పొద్దున్నే చచ్చిపోయి ఉంటే పోతోంది మూడు ఆంప్స్ స్థాయిలో, అంటే రేడియో మెమరీ గురించి ఆలోచించడం అనవసరం, వెలుగుతున్న పెద్ద లైట్లు, తిరుగుతున్న మోటార్, వేడెక్కుతున్న ఆల్టర్నేటర్ లాంటివి చూడాలి. శుక్రవారం పెట్టి సోమవారం తీస్తే తీసుకోకపోతే అర ఆంప్ దగ్గర, చిన్న బల్బు, స్టీరియో, ఆంప్లిఫయర్ లాంటివి. నెల రోజులు కదపకుండా ఉంచితే దిగిపోయిందంటే చాలా బండ్లకి అది జబ్బే కాదు, మామూలు ఖర్చు, పైగా బ్యాటరీ తనంతట తాను కూడా నెలకి కొన్ని శాతం కోల్పోతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

దీనికి ఒక షరతు ఉంది. నాలుగైదేళ్ల బ్యాటరీ మీద 60 అని రాసి ఉన్నా లోపల 60 ఉండదు, సగమే మిగిలి ఉండొచ్చు, అప్పుడు పైన చెప్పిన రోజులన్నీ సగమైపోతాయి. ఇన్నాళ్లూ 80 మిల్లీఆంప్స్ పోతున్నా కొత్త బ్యాటరీ దాన్ని కప్పిపెట్టేసింది, బ్యాటరీ ముసలిదయ్యాక బయటపడింది, పాత బండ్లలో చాలావరకు కథ ఇదే. కొత్త బ్యాటరీ వేస్తే మళ్లీ కప్పబడిపోతుంది కాబట్టే అసలు కారణం ఏళ్ల తరబడి దొరకదు.

మీటర్ పెట్టే ముందు బండిని నిద్రపుచ్చాలి

ఆంప్స్ కొలవడంలో తప్పు రీడింగ్ వచ్చేది ఎక్కువగా మీటర్ వల్ల కాదు, బండి పడుకోకముందే కొలవడం వల్ల. తలుపు తెరిచి ఉంటే లోపలి లైటు వెలుగుతుంది, బానెట్ ఎత్తితే బానెట్ లైటు వెలుగుతుంది, ఆ రెండు బల్బులే ఒక ఆంప్ లాగేస్తాయి, మీటర్ మీద ఆ అంకె చూసి గాభరాపడిపోతారు. కాబట్టి బానెట్ కింది బల్బు ముందే తీసేయాలి. ఫ్యూజ్ బాక్స్ లోపల ఉంటే డ్రైవర్ తలుపు తెరిచే ఉంచాలి కదా, అప్పుడు తలుపు అంచున ఉండే లాక్ నోట్లోని నాలుకని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్న స్థితికి తిప్పేస్తే బండి తలుపు మూసే ఉందనుకుంటుంది. పాతరకం బటన్ స్విచ్ అయితే దాన్ని టేపుతో అదిమి పెడితే చాలు. పని అయ్యాక తలుపు వేసేముందు హ్యాండిల్ లాగి ఆ నాలుకని మళ్లీ విడిపించాలి, మర్చిపోయి తలుపు గట్టిగా వేస్తే లాక్ విరుగుతుంది.

తర్వాత ఓపిక పట్టాలి. మాడ్యూల్స్ ఉన్న బండి తాళం తీసిన వెంటనే పడుకోదు, ఒక్కోటీ ఒక్కో సమయంలో ఆగుతుంది, మొదట రెండు మూడు ఆంప్స్ చూపించిన మీటర్ కాసేపటికి అరకి, తర్వాత 30 మిల్లీఆంప్స్‌కి మెట్లు దిగినట్టు దిగుతుంది. దీనికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, గంట కూడా పట్టొచ్చు. కంప్యూటర్ లేని ట్రక్కు అయితే ఈ ఎదురుచూపు అక్కర్లేదు, ఈ పనిలో పాత బండికి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే.

మీటర్‌ని వరసలో పెట్టడం

వోల్టులు కొలిచేటప్పుడు మీటర్ పిన్నులు రెండు టెర్మినల్స్ మీద పెడతారు, ఆంప్స్ కొలిచేటప్పుడు అలా పెడితే నేరుగా షార్ట్ అయిపోతుంది, మీటర్ ఫ్యూజ్ పోతుంది, చవకరకం మీటర్ అయితే చేతిలోనే కాలిపోవచ్చు. ఆంప్స్ కోసం మీటర్ దారిలో ఉండాలి, అంటే నెగటివ్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కి ఒక పిన్ను, బ్యాటరీ నెగటివ్ పోల్‌కి ఇంకో పిన్ను, బండి లాగే కరెంటంతా మీటర్ గుండానే పోవాలి. నెగటివ్ వైపే ఎందుకంటే ముందు పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ జారి బాడీకి తగిలితే అక్కడికక్కడే నిప్పురవ్వలు వస్తాయి, నెగటివ్ ముందు తీసేస్తే ఆ ప్రమాదం ఉండదు.

మీటర్‌లో ఎర్ర వైరు 10 ఆంప్ రంధ్రంలో ఉండాలి, మిల్లీఆంప్ రంధ్రంలో కాదు. అలా ఉన్నప్పుడు తాళం తిప్పకూడదు. సెల్ఫ్ మోటార్ వందల ఆంప్స్ లాగుతుంది, డీజిల్ బండిలో సెల్ఫ్ కొట్టకపోయినా తాళం ఆన్ చేస్తే చాలు, ఇంజన్‌ని ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్స్ మీటర్ ఫ్యూజ్‌ని కాల్చేస్తాయి.

ఇక్కడ ఇంకో చిక్కుంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక్కోసారి దీంట్లో పడతారు. కేబుల్ ఊడదీయగానే బండి మొత్తం రీసెట్ అయిపోతుంది, అప్పటిదాకా మొండికేసి ఆన్‌లో ఉన్న రిలే ఆఫ్ అయిపోవచ్చు, వేలాడుతున్న మాడ్యూల్ సర్దుకోవచ్చు, మీటర్ పెట్టేసరికి అంతా చక్కగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు కనెక్షన్ ఒక్క క్షణం కూడా తెగకుండా చూసుకోవడం: కేబుల్ క్లాంప్‌కీ పోల్‌కీ మధ్య ముందే ఒక జంపర్ వైరు పెట్టి, క్లాంప్ ఊడదీసి, మీటర్ తగిలించి, బండి పడుకున్నాక జంపర్ వైరు తీసేస్తే కరెంటు మీటర్ దారి పడుతుంది. డీసీ కొలవగల క్లాంప్ మీటర్ ఉంటే ఈ తిప్పలేమీ లేకుండా కేబుల్ చుట్టూ తగిలిస్తే చాలు, కాకపోతే చాలా క్లాంప్ మీటర్లు పది ఇరవై మిల్లీఆంప్స్ తేడాని నమ్మకంగా చూపించలేవు, ప్రతిసారీ జీరో చేసుకుని చూడాలి. అర ఆంప్ దొంగని పట్టడానికి క్లాంప్ మీటర్ చాలు, 60 ఉందా 40 ఉందా తేల్చడానికి మామూలు మల్టీమీటర్ నయం. పాతకాలం పద్ధతిలో దారిలో ఒక టెస్ట్ బల్బు పెట్టి వెలుగుతుందా లేదా చూడడం కూడా ఉంది, పెద్ద డ్రెయిన్‌కి అది పనిచేస్తుంది కానీ 100 మిల్లీఆంప్స్ లోపు దానితో నమ్మకంగా తేలదు, బల్బు వెలగలేదని బండికి క్లీన్ చిట్ ఇచ్చేస్తే కష్టం.

ఫ్యూజ్ పీకడమా, మిల్లీవోల్టు చూడడమా

అంకె ఎక్కువుందని తేలాక అది ఏ సర్క్యూట్‌లోంచి పోతుందో చూడాలి. అందరికీ తెలిసింది ఒక్కో ఫ్యూజ్ పీకుతూ మీటర్ వైపు చూడడం, ఏ ఫ్యూజ్ తీస్తే అంకె దబ్బున పడిపోతుందో ఆ దారిలోనే దొంగ. కంప్యూటర్ లేని పాత ట్రక్కులో ఇంతకంటే మంచి పద్ధతి అక్కర్లేదు. తీసిన ఫ్యూజ్ వెంటనే తిరిగి పెట్టకుండా వరసగా తీసి పక్కన పెట్టుకుంటూ పోవడం మంచిది, ఎందుకంటే మాడ్యూల్స్ ఉన్న బండిలో ఫ్యూజ్ తిరిగి పెట్టగానే ఆ మాడ్యూల్ నిద్రలేచి మిగతావాటిని కూడా లేపుతుంది, మళ్లీ అరగంట ఆగాలి.

రెండో పద్ధతిలో ఏదీ పీకరు. ప్రతి ఫ్యూజ్‌కీ ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, కరెంటు పోతుంటే ఆ ఫ్యూజ్ రెండు చివరల మధ్య చిన్న వోల్టేజ్ తేడా వస్తుంది. బ్లేడ్ ఫ్యూజుల వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపించేది ఇందుకే, మీటర్ పిన్నులు అక్కడ పెట్టి మిల్లీవోల్టు రేంజ్‌లో చూస్తే కరెంటు లేని ఫ్యూజ్ మీద 0.0 వస్తుంది, ఉన్నదాని మీద ఏదో ఒక అంకె కనిపిస్తుంది. 10 ఆంప్ ఫ్యూజ్ రెసిస్టెన్స్ సుమారు ఏడెనిమిది మిల్లీఓమ్స్, అంటే దాని మీద 3 మిల్లీవోల్టులు వస్తే దగ్గరదగ్గర 400 మిల్లీఆంప్స్ పోతోందని అర్థం. 30 ఆంప్ ఫ్యూజ్ లోపలి తీగ లావు కాబట్టి రెసిస్టెన్స్ రెండు మిల్లీఓమ్స్ దగ్గరే, అదే 400 మిల్లీఆంప్స్‌కి అక్కడ 0.8 మాత్రమే వస్తుంది. కాబట్టి అంకెలు ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకూడదు, ఫ్యూజ్ సైజు కూడా చూడాలి. బండి నిద్ర చెడదు, కేబుల్ ఊడదీయక్కర్లేదు, పది నిమిషాల్లో ఫ్యూజ్ బాక్స్ మొత్తం అయిపోతుంది. మాడ్యూల్స్ ఉన్న బండికి ఈ పద్ధతే సరైనది, మీటర్ మాత్రం 0.1 మిల్లీవోల్టు దాకా చూపించగలగాలి.

అన్ని ఫ్యూజులూ తీసేసినా కరెంటు పోతుంటే

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. ఫ్యూజులన్నీ బల్ల మీద ఉన్నాయి, మీటర్ మీద అంకె అలాగే ఉంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కానీ ఫ్యూజ్ బాక్స్ గుండా పోని దార్లు బండిలో నాలుగైదే ఉంటాయి, వాటిని చూస్తే సరిపోతుంది.

మొదటిది ఆల్టర్నేటర్. దాని లావుపాటి వైరు బ్యాటరీకి నేరుగా గానీ, ఫ్యూజిబుల్ లింక్ (ఫ్యూజ్‌లా కాలిపోయే వైరు ముక్క) గుండా గానీ పోతుంది, మామూలు ఫ్యూజులతో దానికి పని లేదు. లోపల ఉండే డయోడ్లు కరెంటుని ఒకే వైపు పోనివ్వాలి, అవి పాడైతే ఇంజన్ ఆగాక బ్యాటరీ నుంచి వెనక్కి కారడం మొదలవుతుంది. ఛార్జింగ్ వోల్టేజ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ పాడైతే, రోటర్‌ని అయస్కాంతం చేసే ఫీల్డ్ కాయిల్ రాత్రంతా ఆన్‌లోనే ఉండిపోతుంది, అదొక్కటే రెండు మూడు ఆంప్స్ లాగగలదు. దీన్ని పట్టుకోవడానికి చేతికందే గుర్తులు రెండున్నాయి. ఇంజన్ ఆపి పూర్తిగా చల్లారిపోయాక, చుట్టూ ఉన్న ఇనుమంతా చల్లగా ఉన్నప్పుడు, ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెడితే అదొక్కటే గోరువెచ్చగా తగిలితే కరెంటు అక్కడే ఖర్చవుతోంది. ఇంకోటి, తాళం తీసేసి ఉన్నప్పుడు ఒక చిన్న ఇనప స్క్రూడ్రైవర్‌ని ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరికి తీసుకెళ్తే, ఫీల్డ్ ఆన్‌లో ఉన్నప్పుడు లోపలి రోటర్ అయస్కాంతం అవుతుంది కాబట్టి దాని మొన అటు లాగినట్టు చేతికి తెలుస్తుంది. ఏమీ లాగకపోతే ఫీల్డ్ ఆఫ్‌లో ఉన్నట్టే. డయోడ్ల సంగతి ఇంజన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూస్తే తెలుస్తుంది, 0.1 లోపు ఉండాలి, 0.5 దాటితే డయోడ్లు అనుమానించాల్సిందే. పూర్తిగా ఖాయం చేసుకోవాలంటే బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు, పక్కనున్న ప్లగ్ విప్పి, వైరు చివర టేపు చుట్టి, మళ్లీ మీటర్ పెట్టి చూడాలి, అంకె పడిపోతే కేసు ముగిసినట్టే.

రెండోది బ్యాటరీకి నేరుగా తగిలించిన అదనపు సామాను. పికప్ అంటే పని చేసే బండి, పదేళ్లూ ఇరవై ఏళ్లలో ఇద్దరు ముగ్గురి చేతులు మారి ఉంటుంది, ఒకాయన ఫాగ్ లైట్లు పెట్టించి ఉంటాడు, ఇంకొకాయన అలారం, మరొకాయన ఇన్వర్టర్, ట్రాకర్, విన్చ్, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్. అందుకే పాజిటివ్ టెర్మినల్ దగ్గర ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. కంపెనీ నుంచి వచ్చినవి రెండు మూడే ఉంటాయి, మిగతా సన్న వైర్లన్నీ తర్వాత వచ్చినవే, ఒక్కోటి విప్పుతూ మీటర్ చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

సెల్ఫ్ మోటార్ దగ్గర లీకేజీ అరుదు. బ్యాటరీ పైన యాసిడ్ తేమ, దుమ్ము కలిసి పేరుకున్న పొర గుండా కూడా కొద్దిగా కరెంటు పోతుంది, ఒక మీటర్ పిన్ను నెగటివ్ పోల్ మీద, ఇంకోటి బ్యాటరీ ప్లాస్టిక్ పైభాగం మీద పెడితే వోల్టేజ్ కనిపిస్తుంది, బేకింగ్ సోడా నీళ్లతో కడిగేస్తే పోతుంది.

పాత పికప్పుల్లో తరచూ దొరికేవి

బ్రేక్ పెడల్ పైన ఒక చిన్న స్విచ్ ఉంటుంది, పెడల్ పైకి వచ్చినప్పుడు పెడల్ చేతికున్న చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బిళ్ల ఆ స్విచ్ బటన్‌ని నొక్కి పట్టి బ్రేక్ లైట్లు ఆర్పుతుంది. ఏళ్ల వేడికి ఆ బిళ్ల పెళుసుబారి ఒకరోజు పొడిపొడి అయిపోతుంది, బటన్ ఆ ఖాళీ రంధ్రంలోంచి బయటికొస్తుంది, లైట్లు వెలిగి ఇక ఆరవు. ఆనవాలు కింద మ్యాట్ మీద ఉంటుంది, పెడల్ కింద చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు, ఏవో చెత్త అనుకుని ఊడ్చేస్తారు. పగలు ఎండలో లైట్ల వెలుగు కనిపించదు, చీకట్లో బండి వెనక్కి వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. పావుగంట పని, అతి చిన్న సామాను, కానీ దీనివల్లే రెండు బ్యాటరీలు మార్చినవాళ్లు కూడా ఉంటారు.

గ్లవ్ బాక్స్, అద్దం వెనక లైటు, వెనక తొట్టిలో సామాను లైటు, వీటి స్విచ్‌లు అరిగిపోయి మూసినా ఆరవు. గ్లవ్ బాక్స్‌లో లైటు ఆరుతుందో లేదో బయటినుంచి ఎలా తెలుస్తుందంటే, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత వేసి, తీసి చూసుకోవడమే. లేదా గంట ఆగి తెరిచి బల్బు ముట్టుకుంటే వేడి ఉందా లేదా తెలుస్తుంది.

బయట కొన్న స్టీరియోకి రెండు పాజిటివ్ వైర్లుంటాయి, పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేదానికి, ఎరుపుది తాళం ఆన్ చేస్తేనే వచ్చేదానికి. తాళం వైరు దొరక్క రెండూ కలిపేసి చుట్టేస్తారు, పాట ఆగినా సెట్ లోపల ఆన్‌లోనే ఉంటుంది, దాన్ని నమ్ముకున్న ఆంప్లిఫయర్ కూడా ఆన్‌లోనే ఉంటుంది. మూడు రోజుల రకం డ్రెయిన్‌లో ఇది తరచూ బయటపడుతుంది.

ఏడు పిన్నుల ట్రైలర్ సాకెట్‌లో ఒక పిన్నుకి ఎప్పుడూ 12 వోల్టులు ఉండే బండ్లు చాలా ఉన్నాయి, బంపర్ కింద బురద, నీళ్లు, ఉప్పు చేరి పిన్నుల మధ్య పచ్చటి చిలుము వంతెనలా పేరుకుంటే కరెంటు నేరుగా ఎర్త్‌కి పోతుంది. వాన పడ్డాకే బ్యాటరీ దిగుతోందంటే ముందు ఇక్కడ, తర్వాత ముందద్దం రబ్బరు దగ్గర చూడాలి, ఆ రబ్బరు లీకై నీళ్లు ఫ్యూజ్ బాక్స్ మీద కారడం పాత ట్రక్కుల్లో ఉన్నదే. తాళం అరిగిపోయి యాక్సెసరీ స్థితిలోనే చెవి బయటికి వచ్చేసే బండ్లు కూడా ఉంటాయి, చెవి చేతిలో ఉంది కాబట్టి బండి ఆఫ్ అయిందనుకుంటారు.

కనిపించి మాయమయ్యే రకం

వారానికోసారి మాత్రమే దిగిపోయే బ్యాటరీ అన్నిటికంటే కష్టం, మీటర్ పెట్టినప్పుడు 25 మిల్లీఆంప్స్ అంటుంది, వదిలేస్తే చచ్చిపోతుంది. ఇలాంటప్పుడు ఒక్క నిమిషం రీడింగ్‌తో తీర్పు చెప్పకూడదు. మిన్-మాక్స్ రికార్డ్ చేసే మీటర్‌ని రాత్రంతా దారిలో వదిలేసి పొద్దున మాక్స్ ఎంత పోయిందో చూస్తే మధ్యలో ఏదైనా లేచిందో లేదో తెలుస్తుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఒక్కోసారి విడిపోతూ, ఒక్కోసారి అలాగే ఉండిపోతుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది. బ్యాటరీ మళ్లీ దిగుతున్న రోజున కేబుల్ ముట్టుకోకముందే రిలేల మీద ఒక్కోదాని మీద వేలు పెట్టి చూడాలి, కాయిల్‌లో కరెంటు ఉన్న రిలే మిగతావాటికంటే వెచ్చగా ఉంటుంది. అదే సైజు రిలే పక్క సర్క్యూట్‌లో ఉంటే ఒకదానికొకటి మార్చి చూడొచ్చు, సమస్య రిలేతో పాటు జరిగితే రిలే తప్పు, అక్కడే ఉండిపోతే దాన్ని ఆన్ చేస్తున్న స్విచ్‌దో వైరుదో తప్పు.

బ్యాటరీ డౌన్ అయ్యే ముందు ఏం జరిగిందో, వాన పడిందా, వెనక తలుపు తీశారా, ట్రైలర్ తగిలించారా, రాసుకుంటూ పోతే నాలుగైదు సార్లకి ఒకటి మాత్రం ప్రతిసారీ కనిపిస్తుంది.

దొరక్కపోతే స్విచ్ పెట్టేయడం, దొరికితే ఖాయం చేసుకోవడం

బ్యాటరీ నెగటివ్ దగ్గర ఒక కట్-ఆఫ్ స్విచ్ బిగించి రోజూ తిప్పేయడం చాలామంది ఎంచుకునే దారి. నెలల తరబడి నిలిపి ఉంచే బండికి అది నిజంగా మంచిదే. కానీ మూడు ఆంప్స్ పోతున్న బండికి అది మందు కాదు, ఎందుకంటే ఆ మూడు ఆంప్స్ ఎక్కడో వేడిగా మారుతున్నాయి, అది చిలుము పట్టిన సాకెట్ అయినా, ఒరిపిడికి తోలు ఊడిన వైరు అయినా, ఇవాళ బ్యాటరీతో ఆగిన నష్టం రేపు వైరింగ్ కాలిపోయేదాకా పోవచ్చు. స్విచ్ పెట్టే ముందు కనీసం ఎంత పోతోందో కొలవాలి, యాభై అరవై మిల్లీఆంప్స్ అయితే స్విచ్ సరే, అర ఆంప్ దాటితే వెతకాల్సిందే.

ఇంకో నష్టం బ్యాటరీకి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉన్నంతసేపూ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతూ పోతుంది, రెండు మూడుసార్లు పూర్తిగా దిగిపోయి రోజుల తరబడి అలాగే ఉండిపోయిన బ్యాటరీ మళ్లీ మునుపటి సామర్థ్యానికి రాదు. జంపర్ పెట్టి స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపితే అది నిండదు, ఆల్టర్నేటర్ మీద భారం తప్ప. ఛార్జర్ మీద రాత్రంతా పెట్టి నెమ్మదిగా నింపాలి.

రిపేరు అయ్యాక కూడా మీటర్ మళ్లీ అదే చోట, బండి పూర్తిగా పడుకున్నాక, అదే పద్ధతిలో పెట్టి చూడాలి. పాత బండిలో రెండు డ్రెయిన్లు ఒకేసారి ఉండడం అరుదేమీ కాదు, 400 మిల్లీఆంప్స్‌లో స్టీరియో విప్పేస్తే 150కి వచ్చిందంటే సంతోషించి ఆపేయకూడదు, ఆ 150 రిలేది, ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ అదే టక్ చప్పుడు వినిపిస్తుంది. అంకె ఆ బండి వయసుకి తగ్గ మామూలు స్థాయికి దిగాక, బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, వోల్టేజ్ రాసుకుని, మూడు రోజులు కదపకుండా వదిలేసి మళ్లీ కొలవాలి. 12.6 ఉన్నది 12.5 దగ్గరే ఉంటే బానెట్ లైటు బల్బు తిరిగి పెట్టేయొచ్చు.